మిత్రపురుగు ఎవరికి మిత్రుడు?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే దారిలో మామిడి తోట, కర్రలు నాటి తీగ లాగిన టమాటా మడి, మల్బరీ చేను, పట్టుపురుగుల షెడ్డు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. చాలాచోట్ల వీటన్నిటికీ రైతు ఒక్కడే. మామిడి పూత మీద పురుగు వాలితే అతనికి శత్రువు, టమాటా కాయలో దూరితే బద్ధశత్రువు. షెడ్డులో తట్టల మీద మల్బరీ ఆకు నమిలే పురుగు మాత్రం ఇంటి లక్ష్మి. ముల్లును ముల్లుతోనే తీసినట్టు పురుగును పురుగుతోనే అణచాలన్న ఆలోచన ఇలాంటి నేల మీద అంత తేలిగ్గా కుదురుకోదు.

ఆలోచన పాతదే, దాని చుట్టూ వాదనలే చిక్కుపడ్డాయి. బయటి నుంచి సహజశత్రువును తెప్పించాలని ఒకరు, ల్యాబులో పెంచి వదలాలని ఇంకొకరు, తోటలో ఉన్నవాటిని చంపకుండా ఉంటే చాలని మరొకరు, ఇవన్నీ సరేగాని పూత సమయంలో మందు కొట్టకపోతే కాపు దక్కదని వేరొకరు అంటారు. నలుగురి దగ్గరా రుజువులున్నాయి. చిక్కేమిటంటే ఒక్కొక్కరు ఒక్కో పురుగును సాక్ష్యంగా తెస్తారు. పిండినల్లిపై గెలిచిన వాదాన్ని మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు అంటగట్టడంతోనే సగం గొడవ మొదలైంది.

నాగజెముడుతో మొదలు

దక్షిణ భారతంలో ఈ కథ పండ్ల తోటల్లో పుట్టలేదు. 1795లో ఎర్రరంగు తీసే కొచినీల్ పురుగు అనుకుని దక్షిణ అమెరికా నుంచి పట్టుకొచ్చినది తీరా చూస్తే వేరే జాతి. రంగు దక్కలేదు గానీ అది ఒక రకం నాగజెముడును తినేసింది. పొలాలను కమ్మేసిన మరో రకం నాగజెముడు మీదికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో కొచినీల్ జాతిని కావాలనే తెచ్చారు. కొన్నేళ్లలోనే మద్రాసు రాష్ట్రంలో వేల ఎకరాల ముళ్లపొదలు ఎండిపోయాయి. ఈ ఊళ్లున్న చిత్తూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే.

పండ్ల తోటల్లో ఈ పద్ధతికి తొలి పెద్ద విజయం కాలిఫోర్నియాలో దక్కింది. నారింజ చెట్లను దూదిపింజల్లా కప్పేసిన పొలుసు పురుగు కోసం 1888లో ఆల్బర్ట్ కోబెలె ఆస్ట్రేలియా వెళ్లి రొడోలియా అనే అక్షింతల పురుగును పట్టి పంపాడు. రెండేళ్లు తిరక్కుండానే తోటలు తేరుకున్నాయి. 1930 ప్రాంతంలో అదే పురుగును నీలగిరులకూ తెప్పించారు. ఈ కథకు కొసరు ఒకటుంది, దాన్ని చాలామంది చెప్పరు. 1940ల చివర అదే కాలిఫోర్నియాలో డీడీటీ చల్లేసరికి అక్షింతల పురుగులు చచ్చాయి, అర్ధశతాబ్దంగా అణగి ఉన్న పొలుసు పురుగు మళ్లీ విజృంభించింది.

తెచ్చి వదిలే వాదం

ఈ వాదం తర్కం సూటిగా ఉంటుంది. పరాయి దేశం నుంచి ఒంటరిగా వచ్చిన పురుగుకు ఇక్కడ శత్రువు ఉండదు కాబట్టి దాని పుట్టింటికి వెళ్లి ఆ శత్రువును వెతికి తేవాలి. చిత్తూరు రైతుకు దీని కేంద్రం దూరమేమీ కాదు. 1957లో కామన్వెల్త్ జీవనియంత్రణ సంస్థ భారత కేంద్రం బెంగళూరులో మొదలైంది. నేడు అక్కడే జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఉంది.

బెంగళూరు పేరు ముందుగా ఆఫ్రికా మామిడి రైతులకు మేలు చేసింది. 1980ల ఆరంభంలో రాస్ట్రోకాకస్ అనే ఆసియా పిండినల్లి టోగో, ఘనా, బెనిన్‌లలో మామిడి చెట్లను మసిబారేలా చేసింది. దాని సహజశత్రువైన అతిచిన్న కందిరీగను భారతదేశంలో పట్టి, క్వారంటైన్ దాటించి, 1987లో టోగోలో వదిలారు. అది నిలిచింది, పొరుగు దేశాలకూ పాకింది. మామిడి పుట్టిన దేశంలో ఆ పిండినల్లి ఏనాడూ పెద్ద బెడద కాకపోవడానికి కారణం ఆ పిసరంత కందిరీగ అని ఇక్కడి రైతుకు చెప్పినవారు తక్కువ.

దీనికి అద్దం పట్టినట్టుండే ఘటన 2008లో మన పొరుగున జరిగింది. మెక్సికో ప్రాంతానికి చెందిన బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరులో బయటపడి బొప్పాయిని, మల్బరీని, కర్రపెండలాన్ని కమ్మేసింది. ఒంటినిండా మైనపు పిండి ఉన్న పురుగు మీద ఎంత మందు కొట్టినా జారిపోయింది. స్పాల్గిస్ అనే సీతాకోకచిలుక గొంగళి ఆ పిండినల్లిని తినసాగింది. దాని ప్యూపా మీద అచ్చం కోతిముఖం గీసినట్టుంటుంది, తోటలో వెతికితే దొరుకుతుంది. కానీ పిండినల్లి వరద ముందు దాని బలం చాలలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల పరాన్నజీవి కందిరీగలు వచ్చాయి. వాటిలో అసెరోఫాగస్ పపాయే పని మొదలుపెట్టాక నెలల్లోనే పిండినల్లి తగ్గుముఖం పట్టింది. రైతు పైసా ఖర్చు పెట్టలేదు, మళ్లీ మళ్లీ వదలాల్సిన పనీ పడలేదు.

ఇంత ఘనంగా గెలిచే వాదానికి లోపం కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. తేనెమంచు పురుగు, పండు ఈగ, టెంక పురుగు మామిడితో పాటు ఇక్కడే పుట్టి పెరిగినవి. వాటి శత్రువులూ ఇక్కడే ఉన్నారు. ఇంకెక్కడికో వెళ్లి తెచ్చేది ఏమీ లేదు.

పెంచి వదిలే వాదం

అలాంటప్పుడు ఇక్కడి శత్రువులనే లక్షల్లో పెంచి అవసరమైన వారంలో వదులుదామనేది రెండో వాదం. దీనికి పేరు తెచ్చిన పురుగు క్రిప్టొలీమస్, గోధుమరంగు తల, నల్లటి వీపు ఉన్న ఆస్ట్రేలియా అక్షింతల పురుగు. 1898లో కాఫీ తోటల పొలుసు పురుగు కోసం దాన్ని తెచ్చారు. పిలిచిన పని చేయలేదు గానీ పిండినల్లులను మరిగింది. 1980లలో బెంగళూరు చుట్టుపక్కల ద్రాక్ష, జామ, నిమ్మజాతి తోటల్లో హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని విస్తృతంగా వాడి చూపించారు.

ఈ పురుగు పెంపకం గది చూడదగ్గది. గాడులున్న గుమ్మడికాయలను కడిగి, శిలీంధ్రం పట్టకుండా మందు నీళ్లలో ముంచి ఆరబెడతారు. వాటి మీద పిండినల్లి గుడ్ల సంచులు ఉంచుతారు. రెండు మూడు వారాల్లో కాయంతా తెల్లగా పిండి పట్టగానే పెట్టెలో పెట్టి అక్షింతల పురుగులను వదులుతారు. మరో నెలకు కొత్త తరం బయటికి వస్తుంది. ఇక తోటలో తిరకాసు ఏమిటంటే ఈ పిల్లపురుగు ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులతో పిండినల్లి లాగే ఉంటుంది. తెలియని రైతు, కొట్టిన మందు పనిచేయలేదనుకుని మిత్రుడి మీదే ఇంకో ట్యాంకు కొడతాడు.

టమాటాలో ఈ వాదం ట్రైకోగ్రామా రూపంలో వచ్చింది. బియ్యపు చిలుకలను జొన్న, సజ్జ నూకలో పెంచి, వాటి గుడ్లను జిగురుతో కార్డు మీద అంటించి, ఆ గుడ్లలో ఈ సన్నపాటి కందిరీగల చేత గుడ్లు పెట్టిస్తారు. కార్డును ముక్కలు చేసి ఆకు అడుగున పిన్ను కొట్టాలి. శనగపచ్చ పురుగు గుడ్డు దశలోనే ఆగిపోవాలన్నది లెక్క. పదహారు సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేస్తే ఆ పురుగు బంతి మీదికే ఎక్కువగా గుడ్లు పెట్టడానికి పోతుందని హెసరఘట్ట సంస్థ చూపింది.

ఆచరణలో ఈ వాదం తడబడేది రవాణాలో. కార్డు ఎండలో బస్సెక్కి, దుకాణంలో రెండు రోజులు పడి ఉండి, చేలోకి వచ్చేసరికి కందిరీగలు దారిలోనే పుట్టి చచ్చి ఉంటాయి. పురుగు గుడ్లు పెట్టే వారం దాటాక కార్డు కట్టినా దండగే. పైగా బ్యాక్టీరియా, శిలీంధ్రాలతో చేసే జీవ మందులకు 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి గానీ, బతికున్న మిత్రపురుగులకు అక్కర్లేదు. అమ్మకం సులువైంది, నాణ్యతకు పూచీ లేకుండా పోయింది. కార్డు ఫలించలేదని చెప్పే రైతుల మాటను కొట్టిపారేసే ముందు ఆ కార్డు మీద ఎన్ని బతికి ఉన్నాయో చూడాలి.

బతకనిస్తే చాలనే వాదం

మూడో వాదం ఏదీ కొనదు, ఏదీ తేదు. సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు, అక్షింతల పురుగులు, తేనెమంచు పురుగు గుడ్లలో గుడ్లు పెట్టే సూక్ష్మ కందిరీగలు మామిడి తోటలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి తేనె, పుప్పొడి, దాగే చోటు కావాలి. చెట్ల మధ్య అలసంద, ఉలవ, బంతి వంటివి పెంచి, కొమ్మలు కత్తిరించి లోపలికి వెలుగు పోనిస్తే చాలని వీరంటారు. కొమ్మలు కలిసిపోయి చీకటిపడిన ముదురు తోటల్లో తేనెమంచు పురుగు ఎక్కువన్నది అందరూ ఒప్పుకునే మాటే. కాపు లేని నెలల్లో అది కాండం బెరడు సందుల్లో దాక్కుంటుంది, పూత రాగానే గెలల మీదికి చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాదానికి ప్రభుత్వ అండ దొరికింది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం ఏడాది పొడవునా నేలపై పచ్చదనం ఉండాలంటుంది, కషాయాలతో పురుగును తోలాలంటుంది. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెట్టుబడి లేని ప్రకృతి సేద్యాన్ని శాస్త్రీయంగా రుజువు కానిదని తప్పుపట్టింది. 2024లో అదే ఆంధ్రప్రదేశ్ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. రెండు తీర్పులూ మొత్తం వ్యవసాయం మీద ఇచ్చినవి. మామిడి గెల మీద సాలీడు ఎన్ని పురుగులను తిన్నదన్న ప్రశ్నకు ఆ రెండింటిలోనూ జవాబు లేదు.

ఈ శిబిరం తనను తాను అడగని ప్రశ్న ఒకటి ఉంది. ప్రకృతి సేద్యంలో వాడే అగ్నిఅస్త్రం అనే కషాయంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, గోమూత్రంతో పాటు పొగాకు పడుతుంది. పొగాకులోని నికోటిన్‌కు శత్రువు, మిత్రుడు అన్న తేడా తెలియదు. పుంగనూరు ఆవు మూత్రంలోనే కలిపినా అది విషమే. ఇంట్లో కాచినంత మాత్రాన కందిరీగకు హాని ఉండదనడం నమ్మకమే గానీ లెక్క కాదు.

చీమల సంగతీ ఇందులోదే. ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమలను నారింజ తోటల కాపలాకు కొనితెచ్చేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే చైనా గ్రంథంలో ఉంది. అదే తరహా చీమలు బెనిన్ మామిడి తోటల్లో పండు ఈగల నష్టాన్ని బాగా తగ్గించాయని ఈ శతాబ్దపు పరిశోధనలు చెబుతున్నాయి. మన దగ్గర అవే చీమలు పిండినల్లి కార్చే తేనె కోసం దానికి కావలి కాస్తాయి, అక్షింతల పురుగును తరిమేస్తాయి. కాయలు కోసే కూలీలను కుడితే వాళ్లు చెట్టు దిగి వచ్చేస్తారు.

మందు వదలనివారి లెక్క

మందు కొట్టే రైతును తెలివితక్కువవాడిగా చూపించడం ఈ చర్చలో అలవాటైపోయింది. అది అన్యాయం. పూత నిలిచే కాలం కొన్ని వారాలే. ఆ వారాల్లో తేనెమంచు పురుగు గెలల రసం పీల్చి, ఆకులు జిగురై మసి పడితే ఏడాది కాపు అక్కడితో సరి. మిత్రపురుగులు పుంజుకునే దాకా ఆగేందుకు అతని దగ్గర సమయం ఉండదు. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లే కాయ. 2025లో ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కాపు పోగొట్టుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది?

చాలా తోటల్లో అసలు నిర్ణయం రైతుది కాదు. పూత మీదనో పిందె మీదనో తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారికి ఈ ఒక్క కాపుతోనే పని. వచ్చే ఏడాది ఆ చెట్ల మీద ఎన్ని అల్లిక రెక్కల పురుగులు మిగులుతాయన్నది అతని ఖాతాలో లేదు. టమాటాలోనూ అంతే. 2023 జూలైలో లాగా మదనపల్లె మండీలో ధర ఆకాశాన్ని అంటినప్పుడు ఒక్క పుచ్చిన కాయ కూడా రాకూడదని వారానికి రెండుసార్లు కొట్టేవాళ్లుంటారు. ఆ తుంపర గట్టు దాటి మామిడి మీద పడుతుంది.

ఎగుమతి మరో ఒత్తిడి. పండు ఈగ కనిపించిందని 2014 మేలో యూరోపియన్ యూనియన్ భారత మామిడిని ఆపేసింది, 2015 ఆరంభంలో గానీ సడలించలేదు. పండు ఈగ పురుగును చంపే కందిరీగలు ఉన్నాయి, హవాయిలో 1940ల చివర వాటిని వదిలి ఈగలను బాగా తగ్గించారు కూడా. అయితే కందిరీగ పని పూర్తయ్యేసరికి ఆ పండు ఎలాగూ పోతుంది. ఒక్క పురుగూ ఉండకూడదనే కొనుగోలుదారుకు ‘తగ్గింది’ అన్న మాట చాలదు.

అయినా ఈ లెక్కలోనూ ఓ కన్నం ఉంది. మామిడి పూతకు పరాగసంపర్కం చేసేవి చాలావరకు ఈగలు, తేనెటీగలు. పూత విచ్చుకున్నాక కొట్టే మందు పురుగుతో పాటు పిందెకు దారి వేసేవాటినీ చంపుతుంది. పిందె రాలిపోతే మళ్లీ మందు లోపమని ఇంకో మందు కొంటారు.

పట్టుపురుగు అడ్డం వచ్చే చోటు

మామిడి, టమాటా మాత్రమే పండే ఊళ్లలో వాదన ఇక్కడితో ఆగవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఆగదు.

తేనెమంచు పురుగు మీద వాడమని సిఫారసు చేసే జీవ మందుల్లో బవేరియా బాసియానా శిలీంధ్రం ముఖ్యమైనది. ఇటలీలో అగొస్టినో బాసి 1835లో పట్టుపురుగుల మరణాలకు కారణంగా గుర్తించినదీ, ఆయన పేరే పెట్టుకున్నదీ ఈ శిలీంధ్రమే. దీని వల్ల చచ్చిన పట్టుపురుగు సున్నపు ముక్కలా తెల్లగా గట్టిపడుతుంది. చలి, తేమ ఉన్న నెలల్లో ఈ రోగం ఎక్కువ. మామిడి పూతకు బవేరియా కొట్టేదీ ఆ చలికాలంలోనే. గొంగళి పురుగుల మీద కొట్టే బీటీ బ్యాక్టీరియా మందుకూ ఇదే గుణం. పట్టుపురుగు కూడా గొంగళి పురుగే కదా. రసాయనం కాదు కాబట్టి నిరపాయం అనే వాక్యం మల్బరీ గట్టు దగ్గర చెల్లదు.

పురుగుల్లోనూ ఈ తారుమారు కనిపిస్తుంది. పట్టు రైతును ఏడిపించే ఊజీ ఈగ జీవనియంత్రణ పుస్తకాలు మెచ్చుకునే టాకినిడ్ కుటుంబానిదే. గొంగళి పురుగు మీద గుడ్డు పెట్టి లోపలి నుంచి తినేయడం దాని వృత్తి, ఆ గొంగళి మన పట్టుపురుగు కావడమే దాని నేరం. 1980లో అది కర్ణాటకలో అడుగుపెట్టాక, దాని ప్యూపాలను చంపే నెసోలింక్స్ అనే కందిరీగను పెంచి షెడ్లలో వదలడం నేర్చుకున్నారు. అమెరికాలో 1906లో అడవులను తినే ఓ గొంగళి కోసం ఐరోపా నుంచి తెచ్చిన ఇదే కుటుంబపు ఈగ, అక్కడి సొంత పట్టుచిలుకలను దెబ్బతీసిందని 2000లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. టమాటా మడిలో నెసిడియోకోరిస్ అనే నల్లి సంగతీ తక్కువేం కాదు. 2014లో దేశంలోకి వచ్చిన దక్షిణ అమెరికా చిలుక టూటా గుడ్లను అది ఇష్టంగా తింటుంది, అవి దొరకనప్పుడు టమాటా కాడనే గుచ్చుతుంది.

ఏ పురుగుకు ఏ దారి

వాదాలను కాక పురుగులను వరసపెట్టి చూస్తే చిక్కు కొంత విడుతుంది. బయటి నుంచి వచ్చి, కదలకుండా అంటుకుని ఉండే పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమల మీద తెచ్చి వదిలే పద్ధతికి సాటి లేదు. మామిడి, జామ వంటి ఏళ్ల తరబడి నిలిచే చెట్లు దానికి మరింత అనుకూలం. పెంచి వదలడం పందిరి ద్రాక్షలో, షెడ్డు వంటి హద్దులున్న చోట, పురుగు గుడ్డు దశను పసిగట్టగల రైతు చేతిలో రాణించింది. వారం వారం పరిస్థితి మారే బహిరంగ టమాటాలో ఫలితం ఊగిసలాడింది. తేనెమంచు పురుగుకు కొమ్మ కత్తిరింపు, బెరడు మీద కన్ను, పూత విచ్చుకోక ముందే అవసరమైతే ఒక పిచికారీ అన్న మధ్యేమార్గమే ఎక్కువమంది నిపుణులు చెప్పేది. పండు ఈగ విషయంలో మిథైల్ యూజినాల్ ఎరలు, రాలిన పండ్లు ఏరడం అసలు పని చేస్తాయి, కందిరీగలది సాయం మాత్రమే.

రాలిన పండ్లను గోతిలో పూడ్చడం కన్నా తెలివైన ఉపాయం హవాయి, రీయూనియన్ దీవుల్లో వాడారు. పండ్లను వలగుడారంలో పోస్తారు. ఈగ బయటికి రాలేనంత, కందిరీగ మాత్రం దూరి రాగలిగేంత సన్నంగా ఉంటాయి వల కన్నాలు. తోతాపురి కాయలు కుప్పలుగా రాలే తోటల్లో దీనికి అయ్యే ఖర్చు వలదే.

తేలాల్సినవి

శాస్త్రం కన్నా హద్దుల తగాదా పెద్దది. రెండెకరాల తోటలో ఒకరు మందు మానేసినా చుట్టూ ఉన్న టమాటాలో కొడుతూ ఉంటే అక్షింతల పురుగు నిలవదు. ప్రయోగాలు తోట లెక్కన జరుగుతాయి, పురుగులు ఊరి లెక్కన తిరుగుతాయి. పల్లె మొత్తాన్ని ఒక తోటగా చూడాలని ఒక పక్షం అంటుంది. కౌలు, గుత్తలు, వేర్వేరు నాటు తేదీలు ఉన్న చోట అది కాగితం మీది మాటే అని రెండో పక్షం. ప్రస్తుతానికి రెండో పక్షం మాటే నిజంగా నిలుస్తోంది, అయితే అది పురుగుల స్వభావం వల్ల కాదు, ఒప్పందాల వల్ల.

మల్బరీకి ఎంత దూరంలో బవేరియా కొట్టవచ్చు, గాలి ఏ దిక్కున వీచేటప్పుడు ఆపాలి అన్నది మరో ప్రశ్న. మామిడి సిఫారసు ఉద్యాన శాఖది, షెడ్డు సలహా పట్టు శాఖది. ఒకే రైతు చేతికి రెండు కాగితాలు వస్తాయి, రెండో పంట పేరు మొదటి కాగితంలో ఉండదు. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల ఈ రెండింటినీ ఒకే కాగితం మీదికి తెచ్చే వీలుంది. గుత్త పత్రంలోనూ ఒక షరతు పెట్టుకోవచ్చు, పూత విచ్చుకున్నాక మందు కొట్టాలంటే తోట యజమాని ఒప్పుకోవాలని. ఇప్పటి పత్రాల్లో కాయ లెక్క, డబ్బు కట్టాల్సిన గడువు ఉంటాయి, మందు ఊసు ఉండదు.